శ్రీకూర్మంలో ఒక స్తంభం
(బడి స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసి "నీ ఇంజనీరింగ్ అనుభవాలు పావుగంట చెప్పరా" అన్నాడు. ఎస్టిమేట్లు, టెండర్లు, బిల్లులు వినడానికి ఎవరూ సెలవు పెట్టుకుని హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి రారు. అందుకని ఒక రాతి స్తంభం గురించి చెబుతాను. అది మనకు దగ్గర్లోనే, శ్రీకూర్మంలో ఉంది. ఇంజనీరింగ్ సంగతి చివర్లో కొంచెం వస్తుంది. అది చెప్పడానికి నాకేమీ సంతోషంగా లేదు గానీ, చెప్పకుండా దిగితే ఈ మాటలన్నీ దండగ.

1984 డిసెంబరు. తొమ్మిదో తరగతి. తెలుగు మేష్టారు సవర్ణదీర్ఘ సంధి చెబుతున్నారు. అదుగో, ముందు వరసలో మూడో కుర్చీలో కూర్చున్నారు. పేరు చెప్పవద్దని ఆయన ఆజ్ఞ. 'అ'కారానికి 'అ'కారం పరమైతే దీర్ఘం వస్తుంది. రామ, అనుజుడు కలిస్తే రామానుజుడు. మేమందరం రాగం తీసి వల్లిస్తున్నాం. ఆయన ఉన్నట్టుండి "ఈ సంధి వల్ల రెండు మతాలు విడిపోయాయర్రా, తెలుసా?" అన్నారు.

ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువుకు ఒక మాట చెబుతాడు. శంకరుల వారి సంప్రదాయంలో దాని అర్థం 'నువ్వే అది' అని. అంటే జీవుడూ బ్రహ్మమూ ఒకటే. ఆ మాటకు ముందున్న పదం 'ఆత్మా'. దాని చివర దీర్ఘం ఉంది. ఆ దీర్ఘంలో ఇంకో 'అ' కలిసిపోయి ఉందని, విడదీసి చదివితే 'నువ్వు అది కాదు' అని వస్తుందని మధ్వాచార్యులు అన్నారు. ఉపనిషత్తు అక్షరం ఒక్కటీ మారలేదు. పదాన్ని ఎక్కడ విరవాలన్నదే తేడా. ఉద్దాలకుడు చెప్పిన ఉపమానాల్లో నీళ్ళలో కరిగిన ఉప్పు ఒకటి. ఉప్పు కనబడకుండా పోయినంత మాత్రాన నీరైపోదు కదా అని ద్వైతులు, అంతటా నిండి ఉన్నది ఒక్కటే కదా అని అద్వైతులు. ఏడు వందల ఏళ్ళ పైబడి ఈ వాదం సాగుతూనే ఉంది. మాకు మాత్రం ఆ రోజు నుంచి సంధి అంటే మార్కుల కోసం వల్లించేది కాదని తెలిసింది.

ఇలాంటిది మనకు మాత్రమే జరిగిందనుకోకండి. యూరప్‌లో మధ్యయుగమంతా చర్చి లాటిన్ బైబిలునే ప్రమాణంగా చదివింది. పదిహేనో శతాబ్దంలో ఇటలీలో లోరెంజో వల్లా అనే భాషా పండితుడు దాన్ని గ్రీకు మూలంతో పక్కపక్కన పెట్టి చూశాడు. ఆయన రాసుకున్న వ్యాఖ్యలను 1505లో ఎరాస్మస్ అచ్చు వేయించాడు. 1516లో ఎరాస్మస్ గ్రీకు మూలాన్నే ప్రకటించాడు. లాటిన్‌లో 'ప్రాయశ్చిత్తం చేయండి' అని స్థిరపడిపోయిన చోట గ్రీకు మాటకు అసలు అర్థం 'మనసు మార్చుకోండి' అని వాళ్ళు చూపించారు. పాప నివేదన, ప్రాయశ్చిత్తం అనే పెద్ద కట్టడానికి ఆధారంగా నిలిపిన మాటల్లో అదొకటి. ఈ వల్లాయే 1440లో ఇంకో పని చేశాడు. రోము చక్రవర్తి కాన్‌స్టాంటైన్ పోపుకు రాజ్యం రాసిచ్చాడని చెప్పే దానపత్రం దొంగదని తేల్చాడు. ఎలాగంటే, అందులోని లాటిన్ ఆ కాలపు లాటిన్ కాదు. రోములో లేని 'సత్రపులు' అనే అధికారులు కూడా అందులో ఉన్నారు. పత్రం తేదీ ఒకటి చెబుతోంది, అందులోని భాష ఇంకో తేదీ చెబుతోంది. బిల్లులు పరిశీలించేవాడిగా నాకు వల్లా అంటే చాలా ఇష్టం.

మళ్ళీ మన తరగతికి వద్దాం. నేను లేచి, అప్పుడు నాకు కొంచెం దురుసు ఎక్కువ, "మధ్వాచార్యులు పుట్టింది 1199 అని ఒక పుస్తకంలో ఉంది, 1238 అని ఇంకో దాంట్లో ఉంది. ఏది కరెక్టు సార్?" అన్నాను. మేష్టారు కోప్పడలేదు. "రెండూ పుస్తకాలే కదరా. ఆదివారం సైకిళ్ళు తీయండి, పుస్తకం కానిది చూపిస్తాను" అన్నారు.

పదకొండు మందిమి, ఏడు సైకిళ్ళు. శ్రీకూర్మం మీ అందరికీ తెలిసిందే. స్వామి కూర్మరూపంలో పడమటి ముఖంగా ఉంటాడు, గుడికి రెండు ధ్వజస్తంభాలు. మేం ఆవరణలో నక్షత్ర తాబేళ్ళను చూస్తూ నిలబడిపోతే మేష్టారు చెవి పట్టుకుని మంటపంలోకి తీసుకెళ్ళారు. స్తంభాల నిండా రాతలే. ఒక స్తంభం దగ్గర ఆగి "ఇది 1203వ శక సంవత్సరం. డెబ్బై ఎనిమిది కలుపు" అన్నారు. 1281. శ్లోకాలు సంస్కృతంలో ఉన్నాయి, మాకు ఒక్క అక్షరమూ పోల్చుకోవడం రాలేదు. ఆయనే చెప్పారు. మొదట పురుషోత్తమ తీర్థులు, వారి శిష్యులు ఆనందతీర్థులు, అంటే మధ్వాచార్యులే, వారి శిష్యులు నరహరి తీర్థులు. ఈ నరహరి తీర్థులు కూర్మనాథుడి గుడి ముందు యోగానంద నరసింహస్వామికి ఆలయం కట్టించి ప్రతిష్ఠ చేశారు. శబరుల దాడి నుంచి ఈ గుడిని ఖడ్గం పట్టి కాపాడారు కూడా. సన్యాసి చేతిలో ఖడ్గమేమిటని మేమడిగాం. అప్పుడు మన ప్రాంతం తూర్పు గాంగరాజుల కళింగం. ఆయన ఆ రాజ్యంలో అధికారం నడిపినవారు. ఉడుపిలో చెప్పిన సిద్ధాంతం గురువు బతికుండగానో, పోయిన కొద్ది ఏళ్ళకో మన శ్రీకాకుళం ఒడ్డున రాయి మీదికెక్కింది. మధ్వుల గీతాభాష్యానికి భావప్రకాశిక అనే వ్యాఖ్య రాసింది కూడా ఈ ఖడ్గం పట్టిన చెయ్యే.

ఇప్పుడు లెక్క. ఇది నా సబ్జెక్టు కాబట్టి కొంచెం ఓపిక పట్టండి.

మధ్వ మఠాల్లోని గురుపరంపర పట్టికలో ఆచార్యుల నిర్యాణం శక 1119, అంటే 1197 అని ఉండేది. పట్టిక భక్తితో రాసుకున్నది, తరతరాలుగా చదువుతున్నది. దాన్ని ఎవరు కాదంటారు? మన స్తంభం కాదంది. ఈ శాసనాన్ని హెచ్. కృష్ణశాస్త్రి చదివి ఎపిగ్రాఫియా ఇండికా ఆరో సంపుటంలో ప్రకటించారు. గురువు పోయిన ఎనభై నాలుగేళ్ళకు సాక్షాత్తు శిష్యుడు గుడి కడుతున్నాడన్నమాట. పైగా శ్రీకూర్మం, సింహాచలం గుళ్ళలో నరహరి తీర్థుల శాసనాలు 1264 నుంచి 1293 దాకా కనిపిస్తున్నాయి. గురువు దగ్గర ఇరవయ్యేళ్ళ వయసులో చదువుకున్నాడనుకున్నా చివరి శాసనం నాటికి నూట పదహారు దాటాలి. కుదరదు.

1913లో ఆర్.జి. భండార్కర్ ఈ శాసనాల్నే ఆధారం చేసుకుని, ఆ 1119 మరణ సంవత్సరం కాదు, పుట్టిన సంవత్సరం అన్నారు. మహాభారత తాత్పర్య నిర్ణయంలో మధ్వులే తన అవతారకాలం కలియుగంలో 4300 ఏళ్ళు గడిచాక అని చెప్పుకున్నారు. లెక్క కడితే 1199. రెండేళ్ళ తేడాతో సరిపోయింది. డెబ్బై తొమ్మిదేళ్ళు బతికారని సంప్రదాయం, కాబట్టి నిర్యాణం 1276 ప్రాంతం. అయితే ఇక్కడ ఇంకో చిక్కు. గురువు తర్వాత పద్మనాభ తీర్థులు ఏడేళ్ళు, ఆ తర్వాత నరహరి తీర్థులు తొమ్మిదేళ్ళు పీఠం మీద ఉన్నారు. ఈ లెక్కన 1283 నుంచి పీఠాధిపతిగా ఉండవలసినాయన 1293 దాకా కళింగంలో కనిపిస్తున్నారు.

తర్వాతి తరంలో బి.ఎన్.కె. శర్మ అణుమధ్వచరితను పట్టుకున్నారు. అందులో పుట్టిన ఏడు విళంబి అని ఉంది. 1199 విళంబి కాదు. పిల్లలూ, దీనికి మీకు ఏ గ్రంథమూ అక్కర్లేదు. 2018లో మనం చేసుకున్న ఉగాది పేరేమిటి? విళంబి. అరవై ఏళ్ళకొకసారి వస్తుంది కాబట్టి పదమూడు అరవైలు వెనక్కి వెళ్ళండి. 780. తీసేస్తే 1238! డెబ్బై తొమ్మిది కలిపితే నిర్యాణం 1317. నరహరి తీర్థులు పీఠమెక్కింది 1324. కళింగంలో పని ముగించుకుని వెళ్ళడానికి బోలెడంత వ్యవధి. మరి 4300 సంగతి? శతాబ్దం గడిచిందని చెప్పారు గానీ ఏడాది లెక్క చెప్పలేదని వీరి సమాధానం. నాకు ఆ సమాధానం పూర్తిగా మింగుడు పడదు. కానీ మిగతావన్నీ నప్పుతున్నప్పుడు ఒక గుండ్రటి అంకె కోసం కట్టడాన్ని కూల్చను.

మీరు గమనించాలి. స్తంభం మధ్వుల పుట్టిన తేదీ చెప్పలేదు. 1199నీ కాదనలేదు, 1238నీ కాదనలేదు. 1197లో పోయారన్న ఒక్క మాటనే నిలబడనివ్వలేదు. మిగతాది మనుషులు చదువుకుని, వాదించుకుని తేల్చుకున్నారు. ఇందులో ఎవరి భక్తీ తగ్గలేదు. భండార్కర్‌ను కాదన్న శర్మగారు మధ్వ సిద్ధాంతానికి చరిత్ర రాసినవారే.

మన విజయనగరం వారు నన్ను క్షమించరు వాళ్ళ మాట ఎత్తకపోతే. పద్నాలుగో శతాబ్దపు సాయణుడి భాష్యంతో మాక్స్ ముల్లర్ అచ్చు వేసిన ఋగ్వేదం రెండో కూర్పు, నాలుగు సంపుటాలు, 1890 నుంచి 1892లోగా వెలువడ్డాయంటే డబ్బిచ్చింది విజయనగరం మహారాజు ఆనంద గజపతిరాజు. ఆక్స్‌ఫర్డ్‌లో కూర్చున్న పండితుడు మధ్యయుగపు భాష్యకారుణ్ణి చదవడానికి ఖర్చు మన కోట నుంచి వెళ్ళింది. ఆ రోజుల్లో మనవాళ్ళకు పాత రాత విలువ తెలుసు.

ఇక నా సంగతి.

ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు. ఒక ఊళ్ళో, పేరు చెప్పను, చిన్న గుడి మంటపం మరమ్మతు పని నాకు పడింది. అంచనా లక్షా చిల్లర. మార్చి నెల. ముప్పై ఒకటి లోగా బిల్లు పెట్టకపోతే నిధులు వెనక్కి పోతాయి. స్తంభాలకు సిమెంటు పూత వేయాలని ఎస్టిమేటులో ఉంది, అది రాసింది నేనే. నున్నటి రాయికి సిమెంటు పట్టదు. ఉలితో గాట్లు పెట్టి గరుకు చేయాలి. తాపీమేస్త్రి పెద్దాయన నా దగ్గరికొచ్చి "బాబూ, సుట్టూ సున్నం రాల్తంటే నోపల ఏటో రాతలగుపిస్తన్నాయి. సెక్కమంటారా?" అని అడిగాడు. ఆయన చదువుకోలేదు. అయినా ఆగి అడిగాడు. నేను కుర్చీలోంచి లేవలేదు. "టైం లేదు, కానిచ్చెయ్" అన్నాను.

పదకొండు మందిలో ఒకడిగా సైకిలు తొక్కుకుంటూ శ్రీకూర్మం వెళ్ళినవాణ్ణి నేను. ఆ మాట నోటంట వచ్చినప్పుడు మేష్టారు గుర్తుకు రాలేదు. బిల్లు పాసైంది.

చాలా ఏళ్ళ తర్వాత దక్షిణ భారత శాసనాల సంపుటాలు చేతికొచ్చాయి. అయిదో దాంట్లో ముఖలింగం, శ్రీకూర్మం, ఆరో దాంట్లో సింహాచలం. మన జిల్లాల రాళ్ళు వందల కొద్దీ వాటిలో భద్రంగా ఉన్నాయి. ఆ ఊరి పేరు కోసం సూచికలన్నీ వెతికాను. లేదు. అంటే ఎవరూ నకలు తీయకముందే నేను చేరాను. అది ఏ దానశాసనమో, దీపానికి గొర్రెలిచ్చిన లెక్కో, ఇంకో నరహరి తీర్థులో. ఏదైనా కావచ్చు.

నిన్న సాయంత్రం మేష్టారింటికి వెళ్ళి ఇదంతా చెప్పాను. తిడతారనుకున్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని ఒక్కటే అడిగారు: "ఎన్ని వరసలుండేవిరా?"

నాకు తెలియదు. నేను లేచి చూడలేదు కదా.

అందుకని మేష్టారూ నేనూ కలిసి ఒకటి అనుకున్నాం. ఈ బడికి వచ్చే పిల్లలు ఏయే ఊళ్ళ నుంచి వస్తున్నారో ఆ ఊళ్ళ గుళ్ళలో, చెరువు గట్ల మీద, పొలాల్లో రాతలున్న రాయి కనబడితే ఫోటో తీసి, ఊరి పేరు, ఎక్కడుందో, ఎన్ని వరసలున్నాయో రాసి తెలుగు మేష్టారికి ఇవ్వాలి. చదవడం తర్వాత సంగతి. మొదటి విడత శ్రీకూర్మం నుంచే. వచ్చే నెల రెండో ఆదివారం ఉదయం ఏడు గంటలకు బడి గేటు దగ్గర బస్సు ఉంటుంది. ఖర్చు నాది. టిఫిను మాత్రం ఎవరిది వారే తెచ్చుకోవాలి. మేష్టారు వస్తానన్నారు, ముందు సీటు ఆయనకు వదిలేయండి.