గోల్ఫు కాడకు వెన్ను సరిచేయించుట వలన లాభమున్నదా?

(సంఘపు వారాంతసభలో గావించిన ప్రసంగ పాఠము)



తెలుగు బడులను గూర్చియు గ్రంథాలయమును గూర్చియు మాటలాడుకొను ఈ వేదికపై గోల్ఫు ప్రసక్తి యేల యని కొందఱికి తోచవచ్చును. బెంగుళూరులో 1876వ సంవత్సరముననే గోల్ఫు క్లబ్బు వెలసినది. ఇచట తరతరములుగా నున్న మన కుటుంబముల పిల్లలు కొందఱు నేడా యాట నేర్చుచున్నారు. ఆటకోలల కాడలకు, అనగా షాఫ్టులకు, వెన్ను సరిచేయించినచో బంతి దూరముగను తిన్నగను పోవునని అంగడివారు చెప్పుదురు. ఒక్కొక్క కోలకు వేఱుగ రుసుము గైకొందురు. సంచిలో 14 కోలల వఱకు నియమము లొప్పుకొనును గదా! నెలజీతముపై బ్రదుకు తండ్రికి ఇది చిన్న వ్యయము కాదు. కావుననే విచారింప బూనితిమి.

వెన్నన నేమి? పూర్వము హికరీ కొయ్యతో కాడలు చేసెడివారు. ఉక్కు కాడలను అమెరికాలో 1924లోను, బ్రిటనులో 1929లోను అంగీకరించిరి. 1970 తరువాత గ్రాఫైటు కాడలు వ్యాపించినవి. జిగురు పట్టించిన కార్బను పొరలను ఇనుప కడ్డీపై చుట్టి, వేడిమిచే గట్టిపఱచి, కడ్డీని లాగివేసి వీనిని చేయుదురు. పొరల అంచులు ఒకదానిపై నొకటి పడినచోట దళము కొంచెము హెచ్చవచ్చును. అందుచే కాడ ఒక దిక్కునకు వంచిన బిఱుసుగను, దానికి అడ్డముగ వంచిన మెత్తగను ఉండును. ఆ బిఱుసు దిక్కే వెన్ను.

దీనిని కనుగొనుటలోనే మొదటి చిక్కున్నది. కాడను రెండు బేరింగులలో నుంచి, కొన నొత్తి త్రిప్పినచో అది యొకచోట గభాలున తిరిగి కుదురుకొనును. అదే వెన్నని కొందఱు గుర్తు పెట్టుదురు. కాని కాడ రవంత వంకరగ నున్నను అట్లే కుదురుకొనును! ఆ పరికరము చూపినది వంకరయో బిఱుసో చెప్పజాలము. పిడివైపు గట్టిగ బిగించి, కొనకు బరువు తగిలించి మీటి చూచుట మేలు. కొన ఒకే గీతపై ఊగినచో అది బిఱుసు దిక్కో మెత్తని దిక్కో అగును. నిమిషమున కెన్ని ఊపులో లెక్కించిన ఏది యేదో తేలును. తక్కిన దిక్కులలో మీటిన గీత తప్పి గుండ్రముగ తిరుగును.

సరే, వెన్ను దొరకినది. దాని నెటు త్రిప్పి బిగింపవలెను? లక్ష్యమువైపని ఒకరు, దానికి అడ్డముగనని వేఱొకరు. ఈ భేదమునకు కారణమున్నది. కోలను క్రిందికి దింపునపుడు కాడ ఒకే దిక్కునకు వంగదు. మొదట తల వెనుకబడును. బంతిని సమీపించునప్పటికి తల బరువు కాడ గీతకు ప్రక్కగ నుండుటచే కాడ ముందునకును నేలవైపునకును వంగును. ఈలోగా కోల తన చుట్టు తానును తిరుగును. ఇక తాకిడి నిలుచునది సెకనులో రెండువేలవ వంతు సుమారు మాత్రమే. కాక్రన్, స్టాబ్స్ అను పరిశోధకులు 1968లో ప్రకటించిన గ్రంథములో తల సమీపమున కాడకు కీలు పెట్టి కొట్టించిన ముచ్చట గలదు. కీలున్నను బంతి పోవు దూరము అంతగా తగ్గలేదు. తాకిడి క్షణమున కాడ పాత్ర ఎంత స్వల్పమో గ్రహింపుడు.

మఱియొక విశేషము. కాడ ఎటు వంచినను సమముగ వంగవలెనని గోల్ఫు నియమమే శాసించుచున్నది. తయారీలో మిగిలిన లోపమును అణచుటకు వెన్ను సరిచేయుట నిషిద్ధము కాదు. అయినచో, సరిచేయుటచే మిక్కిలి బాగుపడు కాడ మొదటనే నియమమునకు దూరమైన కాడ యన్నమాట! అట్టిదానిని మార్పించుటయే యుక్తము. కొత్తరకము డ్రైవరులు పెక్కింటిలో కోణము మార్చుటకు తొడుగును త్రిప్పిన కాడయు తిరుగును. రుసుమిచ్చి కుదిర్చిన వెన్ను అంతటితో తప్పును.

యంత్రముచేత కొట్టించిన పరీక్షల ఫలితములను అమ్మువారు చూపుదురు. యంత్రము ప్రతిసారి ఒకేరీతి కొట్టును. మన బాలుడట్లు కొట్టడు. కావున ఒకేరకపు కోలలు రెండింటిని, సరిచేసినది యొకటి, చేయనిది యొకటి, గుర్తులు కప్పి అతని చేతికి ఇతరు లందీయవలెను. ఒక్కొక్కదానితో ముప్పది బంతులు, రెండుమూడు దినములు కొట్టించి, అన్నిటికంటె దూరము పోయినదానిని గాక, బంతులు ప్రక్కల కెంత చెదరినవో కొలువుడు. భేదము కానరానిచో ఆ రుసుము శిక్షకునికి చెల్లును. కొత్త కోలలు కూర్పించునపుడు మాత్రము కాడలన్నిటిని ఒకే దిక్కున బిగింపుమని అడుగవచ్చును. దానికి వేఱు రుసుము అడిగిన అంగడి మార్చుడు.