తుండుముక్కలతో గిన్నె
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హజ్రత్ జకరియ్యా అలైహిస్సలాం వడ్రంగి పని చేశారని హదీసులో వుంది. చేతిపని గౌరవానికి ఇంతకంటే ఏం సాక్ష్యం కావాలి?

మన కుర్రాళ్ళు చాలామంది ఫర్నిచర్ షెడ్లలో పని చేస్తున్నారు. అక్కడ టేకు, రోజ్‌వుడ్ తుండుముక్కలు రోజూ పొయ్యిలోకి పోతున్నాయి. ఆ ముక్కల్ని వలయంగా అతికి, వలయం మీద వలయం పేర్చి లేతు పడితే అందమైన గిన్నె అవుతుంది. ఈజిప్టు మష్రబియా కిటికీలు కూడా లేతు పట్టిన చిన్న చిన్న ముక్కల కూర్పే కదా!

ఇందులో కీలకం కోణం. 12 ముక్కల వలయానికి ప్రతి ముక్క రెండు కొసలూ 15 డిగ్రీల వాలుతో కోయాలి. మొత్తం 24 కోతలు. కోతకు అర డిగ్రీ చొప్పున తక్కువైతే చివర 12 డిగ్రీల సందు మిగులుతుంది. అందుకని ముందు రెండు అర్ధ వలయాలుగా అతకండి. సమమైన పలక మీద ఉప్పుకాగితం అంటించి, వాటి కొసలు దాని మీద రుద్ది, తర్వాత రెండూ కలపండి. తప్పు అక్కడే సరిపోతుంది. 8 అంగుళాల వలయానికి ముక్క బయటి అంచు 2 అంగుళాల 1 నూలు పైచిలుకు వుండాలి.

సామాను పెద్దగా అక్కర్లేదు. చిన్న లేతు, సన్న పళ్ళ రంపం, మైటర్ బాక్సు, చెక్క జిగురు, వలయాన్ని బిగించడానికి హోస్ క్లిప్పులు, రెండు మూడు ఉలులు చాలు. కళ్ళద్దాలూ, ముక్కుకు మాస్కూ మాత్రం తప్పనిసరి. చెక్క బాగా ఆరినదై వుండాలి.

నా మొదటి గిన్నె సంగతి చెప్తాను. జిగురు ఆరకముందే తొందరపడి లేతు మీద పెట్టాను. ముక్క ఎగిరి నుదుటికి తగిలింది. ఆ మచ్చ ఇంకా వుంది. కాబట్టి ఒక రాత్రంతా ఆరనివ్వండి. మొదట నెమ్మదిగా తిప్పండి, ఎదురుగా నిలబడకండి. కుర్తా చేతులు పైకి మడవండి, దుపట్టా దగ్గరికి రానీయకండి.

సంఘం ఒక గదీ, ఒక లేతూ ఇస్తే ఆదివారాలు నేను ఉచితంగా నేర్పుతాను. ఈనాడు జకాత్ పుచ్చుకునే చెయ్యి రేపు జకాత్ ఇచ్చే చెయ్యి కావాలన్నదే నా దుఆ.

వస్సలాం.