మూడో తెర ఎందుకు వెలగలేదు?

 

నా ఉద్యోగ జీవితమంతా గ్రాఫిక్స్ కార్డుకీ మానిటర్‌కీ మధ్య ఉండే ఆ కాస్త కేబుల్ చుట్టూనే గడిచింది. ఇవాళ ఇంజనీరింగ్ పట్టాలు అందుకుంటున్న మీకు చెప్పదగ్గ మాట నా దగ్గర ఏదైనా ఉందంటే అది అక్కడ నేర్చుకున్నదే. కాబట్టి దాని గురించే మాట్లాడతాను.

2009లో ఏఎండీ నుంచి రేడియాన్ హెచ్‌డీ 5870 అనే కార్డు వచ్చింది. ఐఫినిటీ అన్న పేరుతో, ఒక్క కార్డుకి మూడు మానిటర్లు పెట్టుకోవచ్చన్నారు. కార్డు వెనక రెండు డీవీఐ పోర్టులు, ఒక హెచ్‌డీఎంఐ, ఒక డిస్‌ప్లేపోర్ట్ ఉండేవి. ఇంట్లో ఉన్న మానిటర్లను డీవీఐలకు రెండు, హెచ్‌డీఎంఐకి ఒకటి తగిలిస్తే రెండే వెలిగేవి. మూడోదాన్ని ఎన్నిసార్లు ఊడదీసి పెట్టినా నల్లగానే ఉండేది. కార్డు బాగానే ఉంది, కేబుల్ బాగానే ఉంది, మానిటర్ కూడా బాగానే ఉంది. మరి లోపం ఎక్కడ?

అక్కడున్నది లోపం కాదు, పరిమితి. డీవీఐ, హెచ్‌డీఎంఐ సంకేతాలు పిక్సెళ్ల వేగానికి తగ్గ క్లాక్‌ను కూడా తమ వెంట తీసుకెళ్తాయి. మానిటర్ రిజల్యూషన్, రిఫ్రెష్ రేటులను బట్టి దేనికి తగ్గ క్లాక్ దానికి కావాలి. ఆ కార్డు చిప్‌లో అలాంటి క్లాక్ పుట్టించే సర్క్యూట్లు రెండే. 2006లో వెసా సంస్థ తెచ్చిన డిస్‌ప్లేపోర్ట్ దారి వేరు. అది చిత్రాన్ని చిన్నచిన్న ప్యాకెట్లుగా కట్టి, ముందే ఖాయం చేసిన వేగాల్లో పంపుతుంది. ఆ వేగం మానిటర్‌ను బట్టి మారదు కనుక ఒకే మూల క్లాక్‌తో పలు పోర్టులు నడుస్తాయి. మూడో మానిటర్ డిస్‌ప్లేపోర్ట్ మీదే ఉండాలన్న నియమం ఇందుకే.

సరే, డిస్‌ప్లేపోర్ట్‌ను డీవీఐగా మార్చే అడాప్టర్ కొంటే సరిపోదా? అవి రెండు రకాలు. చవక రకంలో వోల్టేజీని సరిచేసే చిన్న సర్క్యూట్ మాత్రమే ఉంటుంది. అది తగలగానే కార్డే ఆ పోర్టు నుంచి డీవీఐ సంకేతం పంపడం మొదలుపెడుతుంది, అంటే మళ్లీ మూడో క్లాక్ అడిగినట్టే. తెర వెలగదు. రెండోది యాక్టివ్ అడాప్టర్. దాని లోపలి చిప్ ప్యాకెట్లు విప్పి, క్లాక్‌ను తానే తయారుచేసుకుని మానిటర్‌కి అందిస్తుంది. తెర వెలుగుతుంది. పక్కపక్కన పెట్టి చూస్తే రెండింటికీ తేడా తెలియదు. అదే నల్ల ప్లాస్టిక్, అవే కొసలు. చవకది కొనుక్కున్నవాళ్లను నేను తప్పుపట్టను.

క్లాకులకే కాదు, సెకనుకి పంపగల బిట్లకూ పరిమితి ఉంటుంది, అందుకని లెక్క కట్టకుండా ఏ కేబుల్‌నూ నిందించకండి. 1920×1080 తెరలో 20,73,600 పిక్సెళ్లు. పిక్సెల్‌కి 24 బిట్లు, సెకనుకి 60 సార్లు అంటే దాదాపు 3 గిగాబిట్లు. దీనికి ఖాళీ కాలం కలపాలి. పాత సీఆర్‌టీ గొట్టంలో ఎలక్ట్రాన్ పుంజం వరస చివరి నుంచి తిరిగి మొదటికి రావడానికి పట్టే సమయం అది. గొట్టాలు పోయినా ఆ ఖాళీ మిగిలింది, హెచ్‌డీఎంఐ తన ధ్వనిని ఆ ఖాళీలోనే పంపుతుంది. ఎంత చక్కని పొదుపో చూడండి! అన్నీ కలిపితే 3.56 గిగాబిట్లు. 4కే తెరకు దీనికి నాలుగింతలు, అంటే 14.26 గిగాబిట్లు. 2009 నాటి హెచ్‌డీఎంఐ 1.4 మోయగలిగింది 8.16. అందుకే పాత పోర్టుకి 4కే మానిటర్ పెడితే సెకనుకి 30 సార్లకు పడిపోయి, మౌస్ బాణం ఈడ్చుకుంటూ కదులుతుంది. 2010లో వచ్చిన డిస్‌ప్లేపోర్ట్ 1.2 సామర్థ్యం 17.28. ఒకే కేబుల్ మీద మానిటర్లను గొలుసుగా నడిపే పద్ధతి దానితోనే వచ్చింది. 1080 తెరలు నాలుగు అందులో హాయిగా పడతాయి. 60 సార్ల వేగంతో 4కే తెరలు రెండు పట్టవు. ఇది కాగితం మీదే తేలిపోయే సంగతి. కొన్నాక తెలిసిందంటే, కొనేముందు ఎవరూ గుణించి చూడలేదన్నమాట.

రెండు తెరల కోరిక కొత్తదేమీ కాదు. 1981 నాటి ఐబీఎం పీసీలో మోనోక్రోమ్ కార్డు, కలర్ కార్డు వేర్వేరు మెమరీ చిరునామాలు వాడేవి. దాంతో రెండూ పెట్టుకుని, ఒక తెర మీద ప్రోగ్రామ్, రెండోదాని మీద డీబగ్గర్ నడుపుకున్న ప్రోగ్రామర్లున్నారు. విండోస్ 98 అయితే తొమ్మిది మానిటర్ల దాకా ఒప్పుకుంది.

ఈ రంగంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 128 బైట్ల చిన్న పట్టిక. పేరు ఈడీఐడీ, వెసా దాన్ని 1994లో ప్రమాణంగా తెచ్చింది. పంక్తిలో అడిగి వడ్డించినట్టు, కార్డు చిత్రం పంపేముందు నీకేం కావాలని మానిటర్‌ను అడుగుతుంది. జవాబుగా వచ్చేది ఈ పట్టికే. మొదటి 8 బైట్లు ఎప్పుడూ ఒకటే: ఒక సున్నా, ఆరు 255లు, మళ్లీ సున్నా. ఆ తర్వాత తయారీదారు గుర్తు, తయారైన ఏడాది, సెంటీమీటర్లలో తెర కొలతలు, తనకు నప్పే రిజల్యూషన్. 128 బైట్లనూ కూడి 256తో భాగిస్తే శేషం సున్నా రావాలి, రాకపోతే దారిలో ఏదో చెడిందని అర్థం. మానిటర్‌లో ఈ పట్టికను దాచుకునే చిప్‌కు కావలసిన 5 వోల్టులు కేబుల్‌లో నుంచి కార్డే ఇస్తుంది. హెచ్‌డీఎంఐలో అది 18వ పిన్ను. లినక్స్‌లో ఈ పట్టిక ఒక మామూలు ఫైలుగా దొరుకుతుంది. మీలో ఎవరూ ఇంతవరకూ తెరిచి చూడకపోతే ఈ వారంలోనే చూడండి.

పట్టిక అందకపోతే ఏమవుతుందో మీకు తెలుసు, పేరు తెలియదంతే. వీజీఏ పోర్టులను 2015కల్లా వదిలేస్తామని ఇంటెల్, ఏఎండీ 2010లో ప్రకటించినా మన కాలేజీల ప్రొజెక్టర్లు ఇంకా వీజీఏతోనే నడుస్తున్నాయి. 12, 15 పిన్నుల తీగలు లేని చవక కేబుల్ తగిలిస్తే ఆ పట్టిక చేరదు. కంప్యూటర్ గుడ్డిగా 1024×768 లాంటి చిన్న చిత్రాన్ని పంపుతుంది, అక్షరాలు మసకబారతాయి. అందరూ ప్రొజెక్టర్‌కు వయసైపోయిందంటారు.

హైదరాబాద్‌లో ఏఎండీ, క్వాల్‌కామ్ కేంద్రాలున్నాయి. మీలో కొందరు అక్కడో, మరో చోటో ఈ చిప్‌లకు డ్రైవర్లు రాస్తారు. మీకు నాదొక విన్నపం. క్లాకులు అయిపోయిన సంగతి డ్రైవర్‌కు తెలుసు. పట్టిక చెడి వచ్చిందని, ఈ పోర్టు 4కేను 30కి మించి మోయలేదని కూడా దానికి తెలుసు. తెలిసీ అది నోరు విప్పదు, దుకాణంలో కూర్చున్న కుర్రాడు కేబుల్ మీద కేబుల్ మార్చి చూస్తుంటాడు. డ్రైవర్ తన దగ్గరున్న కారణాన్ని అతనికి అర్థమయ్యే మాటల్లో, తెలుగులోనైతే మరీ మంచిది, వెలుగుతున్న తెర మీద చూపించేలా రాయండి.