దిగులుగా ఉందని చెప్పినప్పుడు

కొత్త డాక్టర్లకు అభినందనలు.

సైకియాట్రీ వాణ్ణి పిలిచారు కాబట్టి ఒత్తిడి గురించో ధ్యానం గురించో చెబుతాననుకుని ఉంటారు. నేను మాటల గురించి మాట్లాడదామని వచ్చాను. మా విభాగంలో స్కానింగులో కనబడేది తక్కువ, రక్తపరీక్షలో తేలేది ఇంకా తక్కువ. రోగి నోట వచ్చే మాట ఒకటి, రోగి గురించి ఊరు అనే మాట ఒకటి. మా వైద్యం సగం ఈ రెంటి మధ్యే నడుస్తుంది.

‘పిచ్చి’ అనే మాట మానేయమని నేను చెప్పను. సినిమా పిచ్చి, క్రికెట్ పిచ్చి, పిచ్చి మొక్కలు, కూతుర్ని దగ్గరికి తీసుకుని ‘పిచ్చి తల్లీ’ అనడం... ఇవన్నీ తీసేస్తే మన తెలుగు బోసిపోతుంది. వాటివల్ల ఎవరికీ నష్టం లేదు. నా పేచీ వేరే మాటలతో.

పొద్దున్నే పేపరు తీయండి. పెళ్లికి ఒప్పుకోలేదని అమ్మాయి మీద కత్తితో దాడి చేసినవాడు ‘ప్రేమోన్మాది’. రోడ్డు మీద ఆడవాళ్లను వేధించేవాడు ‘సైకో’. ఆ కత్తి పట్టినవాడి సంగతి కాస్త చూడండి. ఆమె ఏ బస్సుకు దిగుతుందో కనుక్కున్నాడు, కత్తి కొన్నాడు, చొక్కాలో దాచుకున్నాడు, మలుపులో కాపు కాశాడు. ఇంత స్థిమితంగా పని చక్కబెట్టినవాడికి ఉన్మాదం ఎక్కడుంది? ఉన్నది అహంకారం. కాదంటే ఊరుకోకూడదని నేర్పిన పెంపకం. దానికి నా దగ్గర మాత్రల్లేవు. నిజంగా జబ్బున్నవాళ్లు మా వార్డుల్లో ఉన్నారు. వాళ్లలో చాలామంది ఎవరి జోలికీ పోరు. కొట్టేవాళ్ల కంటే దెబ్బలు తినేవాళ్లే ఎక్కువ. ఆ హెడ్డింగుతో వాడి నేరం పలచబడుతుంది, వీళ్లకేమో అద్దె ఇల్లు దొరకదు.

సినిమాలు కూడా తక్కువ తినలేదు. ఎర్రగడ్డ అంటే హైదరాబాదులో రైతుబజారూ మెట్రో స్టేషనూ ఉన్న ఒక పేట. కమెడియన్ నోట ఆ పేరు రాగానే హాలంతా నవ్వుతుంది. విశాఖ వైపు చినవాల్తేరు అన్నా అంతే. రెండు చోట్లా మానసిక ఆసుపత్రి ఉంది మరి. ఆ నవ్వేవాళ్లలో కొందరి ఇళ్లలో అదే ఆసుపత్రి ఫైలు బీరువా అడుగున, పట్టుచీరల కింద ఉంటుంది.

అందుకే మావాళ్లు బోర్డు మీద ‘మానసిక, నరాల వ్యాధుల నిపుణులు’ అని రాయించుకుంటారు. నరాల డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చామంటే చుట్టాల్లో పరువు దక్కుతుంది.

ఒక తల్లి కొడుకుని తీసుకొచ్చింది. ఇంజనీరింగ్ చదివే కుర్రాడు. “నరాల బలహీనత సార్, బలానికి ఏదన్నా రాయండి” అంది. అబ్బాయి తల ఎత్తలేదు. ఫ్యాను తిరిగినప్పుడల్లా అందులోంచి తన గురించి మాట్లాడుకుంటున్నారని వాడు ఇంట్లో ఫ్యాను విప్పించేశాడట. చేతికి తాయెత్తు ఉంది. ఆమె సంచిలో బి-కాంప్లెక్స్ సీసాలున్నాయి. పెళ్లి చేస్తే కుదురుకుంటాడని మేనమామ సలహా ఇచ్చాడట. నేను జబ్బు పేరు చెప్పబోతుంటే ఆమె లేచి వెళ్లి గది తలుపు దగ్గరగా వేసి వచ్చింది. బయట క్యూలో తెలిసినవాళ్లు ఉంటారేమోనని.

అది స్కిజోఫ్రీనియా. ప్రపంచంలో సుమారు 300 మందిలో ఒకరికి వచ్చే జబ్బు. మందు ఎంత తొందరగా మొదలైతే అంత మంచిది. ఆ తొలినాళ్లు కాస్తా ఊరు ఏమంటుందోనన్న భయంలోనే గడిచిపోయాయి. ఇది ఆ ఒక్క ఇంటి కథ కాదు. నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వేలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. వైద్యం అందనివాళ్లు జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం. డాక్టర్ల కొరత ఒక కారణం, కాదనను. కానీ డాక్టరున్న ఊళ్లో కూడా ఆ తలుపు మూసే చెయ్యి ఉంటుంది.

2017లో ‘మహానుభావుడు’ సినిమా వచ్చాక ఓసీడీ అనే జబ్బు పేరు బాగా జనంలోకి వెళ్లింది. మంచిదే. కానీ అందులో జనానికి గుర్తున్నది శుభ్రత ఒక్కటే. బీరువా సర్దుకునే ప్రతివాడూ ‘నాకు కొంచెం ఓసీడీ’ అంటున్నాడు. మీ దగ్గరికి ఇంకో రకం వస్తుంది. పూజగదిలో దీపం వెలిగించగానే ఒక ఇల్లాలి మనసులోకి దేవుడి మీద బూతుమాటలు దూసుకొస్తాయి. ఆపుదామంటే ఆగవు. తనంత పాపిష్టిది లేదని చెంపలు వాయించుకుంటుంది, మళ్లీ తలస్నానం చేస్తుంది, మళ్లీ మొదటినుంచి పూజ. ఇది జబ్బేనని, మందులతోనూ థెరపీతోనూ తగ్గుతుందని ఆమెకు తట్టదు. ఆమెకు తెలిసిన ఓసీడీ చేతులు కడుక్కునే హీరో.

మన ఇంటి సంగతికి వద్దాం. ‘హిస్టీరియా’, ‘అంతా డ్రామా’, ‘చావాలనుకున్నదానివి ఇక్కడికెందుకు వచ్చావ్’. ఈ మాటలు మీరు వీధిలో వినలేదు, క్యాజువాలిటీలో విన్నారు. అన్నవాళ్ల మెడలో స్టెతస్కోపు ఉంది. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, వేరుగా రుజువైతే తప్ప. అదే చట్టం ఇంకో మాట చెప్పింది: మానసిక జబ్బున్నంత మాత్రాన మనిషికి మతిస్థిమితం లేదనుకోవడానికి వీల్లేదు, కోర్టు అలా తేలిస్తే తప్ప. 1912 నాటి లూనసీ చట్టంతో పోలిస్తే కాగితం మీద చాలా దూరమే వచ్చాం. క్యాజువాలిటీ ఇంకా రావాలి.

మన జనానికి మనసులో బాధ చెప్పుకోవడం రాదని మావాళ్లే కొందరు అంటుంటారు. నేను ఒప్పుకోను. దిగులు, బెంగ, గుబులు, ఏమీ తోచకపోవడం, మనసు మనసులో లేకపోవడం... ఇన్ని మాటలున్నవాళ్లకి చెప్పడం రాకపోవడమేంటి? పీహెచ్‌సీలో మీ బల్ల ముందు ఒకావిడ కూర్చుంటుంది. “అన్నం సయించట్లేదు బాబూ, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది, మనవడు వచ్చి ఒళ్లో కూర్చున్నా ముచ్చటగా లేదు” అంటుంది. డిప్రెషన్ పాఠం సగం అప్పజెప్పేసింది. బయట ఇంకా యాభై మంది ఉన్నారు కాబట్టి మీ చెయ్యి గ్యాస్ మాత్ర రాయబోతుంది. ఇంకొక్క ప్రశ్న అడగండి. ‘దిగులుగా ఉంటోందా అమ్మా’ అని చాలు. దిగులు అన్నప్పుడు ఎవరూ వినకపోతే, కొన్నాళ్లకి ఆవిడ ఊళ్లో ‘తిక్కది’ అయిపోతుంది. ఆ పేరు పడ్డాక మా దగ్గరికి తీసుకురావడం ఇంకా కష్టం.

చివరిగా మీ సంగతి. మీలో కొందరు పీజీ ఎంట్రన్సుకు చదువుతూ నిద్రమాత్రలు మీకు మీరే రాసుకుంటున్నారు. మన ఓపీకి రావాలంటే జూనియర్లు చూస్తారని మొహమాటం. తప్పు పట్టను, రోగుల గురించి మనవాళ్లు ఏమంటారో దగ్గరుండి విన్నవాళ్లు మీరు. వేరే ఊళ్లో డాక్టర్ని కలవండి. లేదంటే 14416, టెలిమానస్ హెల్ప్‌లైన్. 2022 అక్టోబరులో మొదలైంది, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ నెంబరు నా ఓపీ బల్ల మీద అంటించి పెట్టాను. రోగుల కంటే వాళ్ల వెంట వచ్చినవాళ్లే దాన్ని ఎక్కువగా ఫొటో తీసుకుంటున్నారు.