కష్టకాలంలో గ్రంథాలయం



నెమలి అనగానే మీలో చాలామందికి వేణుగోపాలస్వామి గుడి గుర్తుకొస్తుంది. తిరువూరు వైపు నుంచి, మధిర వైపు నుంచి, ఖమ్మం పల్లెల నుంచి జనం వస్తూనే ఉంటారు. మొక్కు తీర్చుకోవడానికి వచ్చేవాళ్ళు కొందరు, గుండెలో బరువు దించుకోవడానికి వచ్చేవాళ్ళు ఇంకా ఎక్కువమంది. మిర్చి ధర పడిపోయిన రైతు, మామిడి పూత రాలిపోయి కౌలు ఎలా కట్టాలో తెలియని కుర్రాడు, భర్త పోయాక ఇల్లు ఎలా నడపాలా అని బెంగపడే ఇల్లాలు, అందరూ స్వామి ముందు నిలబడి చెప్పుకోవాల్సింది చెప్పుకుని వెళ్తారు. ఈ ఊళ్ళో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి ఆ ఊరట ఎంత నిజమో నాకు తెలుసు. ఈ పూట నేను మాట్లాడబోయేది అలాంటివాళ్ళకు ఆసరా కాగల మరో చోటు గురించి. అది గ్రంథాలయం. ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు, పొద్దున్నే పేపరు కోసం వచ్చే పెద్దలు తప్ప మిగతావాళ్ళు అటువైపు వెళ్ళడం మానేశారు. కష్టంలో ఉన్న మనిషికి అక్కడ పని ఉందని చెప్పడానికే ఈ ప్రసంగం.

మన ఎన్టీఆర్ జిల్లాలోనే, మున్నేరు ఒడ్డున పెనుగంచిప్రోలు ఉంది. తిరుపతమ్మ తిరునాళ్ళకు మన పల్లెల నుంచి బళ్ళు కట్టుకుని వెళ్ళిన రోజులు పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటాయి. అదే ఊళ్ళో 1874లో భండారు అచ్చమాంబ పుట్టింది. పసితనంలోనే తండ్రి పోయాడు. ఆడుకునే వయసులోనే పెళ్ళి చేశారు. భర్త ఉద్యోగం మధ్య పరగణాల్లో. భాష తెలియని ఊళ్ళు, దూరమైన పుట్టిల్లు. చదువు చెప్పించినవాళ్ళు లేరు. ఒక కొడుకు, ఒక కూతురు పుట్టి, ఇద్దరూ చిన్నప్పుడే పోయారు. ఇంతకన్నా కష్టం ఏముంటుంది?

ఆమె తన తమ్ముణ్ణి దగ్గర ఉంచుకుంది. ఆ తమ్ముడే కొమర్రాజు లక్ష్మణరావు. అతను చదువుకుంటుంటే పక్కన కూర్చుని తెలుగు నేర్చుకుంది, హిందీ నేర్చుకుంది. తర్వాత మరాఠీ, బెంగాలీ, ఇంగ్లీషు, కొంత సంస్కృతం. బడి మెట్లు ఎక్కని మనిషి ఇన్ని భాషల్లో పుస్తకాలు తెప్పించుకుని చదివింది. ఏం చదివిందో చూస్తే నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా ఉంటుంది. చరిత్రలో గట్టిగా నిలబడిన ఆడవాళ్ళ బతుకుల కోసం ఆమె వెతికింది. రాజ్యం ఏలినవాళ్ళు, యుద్ధం చేసినవాళ్ళు, చదువుకున్నవాళ్ళు, కష్టాన్ని దాటి వచ్చినవాళ్ళు దేశంలో ఎక్కడెక్కడ ఉన్నారో వివరాలు పోగుచేసి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసింది. 1901లో అచ్చయింది. ఆ మరుసటి ఏడాది ఆమె కథ 'ధనత్రయోదశి' హిందూసుందరి పత్రికలో వచ్చింది.

పిల్లలు పోయిన తల్లికి దుఃఖం ఒక మాట పదే పదే చెబుతుంది: నీకే ఇలా జరిగింది, లోకంలో ఇంకెవరికీ జరగలేదు అని. ఆ మాట అబద్ధమని ఇరుగుపొరుగు వెయ్యిసార్లు చెప్పినా మనసు నమ్మదు. వేరే కాలంలో, వేరే ఊళ్ళో ఒక మనిషి ఇదే బాధ పడి, దాని తర్వాత ఏం చేసిందో వివరంగా చదివినప్పుడు మాత్రం నమ్మడం మొదలుపెడుతుంది. అచ్చమాంబ జీవితం చదివిన ప్రతిసారీ నాకు ఇదే అనిపిస్తుంది. చదువు ఆమె దుఃఖాన్ని చెరిపేసిందని నేను అనను. పిల్లలు లేని ఇంటి నుంచి పదిమందిలోకి వెళ్ళే దారి చూపించింది. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి మచిలీపట్నంలో స్త్రీ సమాజం పెట్టింది. ఆంధ్రదేశం తిరిగి ఆడవాళ్ళను కూడగట్టింది. దిక్కులేని పిల్లలను ఇంట్లో పెట్టుకుని చదివించింది. 1905 జనవరిలో బిలాస్‌పూర్‌లో ప్లేగు వస్తే రోగులకు సేవ చేస్తూ అదే జబ్బుతో కన్నుమూసింది. అప్పటికి ముప్పై ఏళ్ళు నిండాయంతే.

పెనుగంచిప్రోలు పేరు చెబితే తిరుపతమ్మ తల్లితో పాటు ఈ తల్లి కూడా మన పిల్లలకు గుర్తుకు రావాలని నా కోరిక.

ఆ తమ్ముడు లక్ష్మణరావు అక్క పక్కన కూర్చుని చదివిన చదువును లోకానికి పంచిపెట్టాడు. మునగాల జమీందారు దగ్గర దివానుగా ఉంటూ, రాజా నాయని వెంకట రంగారావు, రావిచెట్టు రంగారావు వంటివాళ్ళతో కలిసి 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయ స్థాపనకు పూనుకున్నాడు. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి చరిత్ర, శాస్త్రం తెలుగులో తక్కువ ధరకు అందేలా చేశాడు. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకు చోటు లేని కాలం అది. ఒక పఠనాలయంలో కూర్చుని తన భాషలో చదువుకోవడమే అప్పటి మనిషికి ధైర్యం.

తర్వాత విజయవాడ. 1911లో అక్కడ రామమోహన గ్రంథాలయం వచ్చింది. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. దాని వెనుక నిలబడి తిరిగినవాడు అయ్యంకి వెంకటరమణయ్య. ఊరూరా తిరిగి ఒక అరుగో, ఒక సావడో అడిగి, నాలుగు పుస్తకాలతో మొదలుపెట్టించేవాళ్ళు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు సంగతి తెలుసు కదా? పత్రికలో రాసిన రాతకు 1908లో రాజద్రోహం కింద జైలుకు పంపారు. వేలూరు జైల్లో కఠిన శిక్ష అనుభవించాడు. అంత అనుభవించి బయటికి వచ్చిన మనిషి తర్వాతి జీవితంలో ఎక్కువ భాగం గ్రంథాలయాలకు, వయోజన విద్యకు ఇచ్చాడు. అక్షరం రాని కూలీకి అక్షరం నేర్పడం స్వరాజ్యంలో భాగమని నమ్మాడు.

1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు నడిపించాడు. గుంటూరు జిల్లా పెదపాలెం కేంద్రంగా ఆ పడవ కొల్లిపర వైపు నుంచి పెదవడ్లపూడి దాకా పల్లెల రేవుల్లో ఆగేది. రేవుకు నీళ్ళకు వచ్చిన ఆడవాళ్ళు బిందెతో పాటు పుస్తకం తీసుకెళ్ళగలిగారంటే, పుస్తకం మనిషి దగ్గరికి నడిచి వచ్చింది కాబట్టే. ఇంట్లోంచి కదలలేని కష్టంలో ఉన్నవాళ్ళకు ఇప్పటికీ కావాల్సింది అదే.

ఇక మన సంగతికి వద్దాం. మా నాన్న పోయిన ఏడాది నేను ఒక్క పేజీ కూడా నిలకడగా చదవలేకపోయాను. కళ్ళు అక్షరాల మీద పోయేవి, మనసులోకి ఏమీ ఎక్కేది కాదు. దెబ్బతిన్న మనసుకు పెద్ద పుస్తకం మోయలేని బరువు. అప్పుడు మా అమ్మకు వినపడేలా పైకి చదవడం మొదలుపెట్టాను. పాత చందమామలు, పొట్టి కథలు. చదివేదాని మీద నాకు ధ్యాస లేకపోయినా, వినే అమ్మ మధ్యలో "తర్వాత?" అనేది. ఆ అడిగేది నన్ను ముందుకు తోసేది. కొన్నాళ్ళకు నేనే ఆగి, కథలో ఏమవుతుందో చూద్దామనుకున్నాను. మన పల్లెల్లో ఒకరు చదివితే పదిమంది వినడం కొత్త సంగతేమీ కాదు. రామాలయం అరుగు మీద భారతం చదివించుకున్నది ఇదే ఊరు. చదువు రాని ముసలమ్మ కూడా ఆ చదువులో భాగస్తురాలే.

అందుకని, కష్టంలో ఉన్నవాళ్ళకు నేను చెప్పేది చిన్నగా మొదలుపెట్టమని. రోజుకు ఒక పేజీ, లేదా ఒక చిన్న కథ. రాత్రి పడుకునే ముందు సెల్‌ఫోను పక్క గదిలో పెట్టి ఆ పేజీ చదవండి. వరసగా వచ్చే వీడియోలు నిద్రను తినేస్తాయి; నిద్ర లేని మనసుకు మరుసటి రోజు చిన్న సమస్య కూడా కొండలా కనపడుతుంది. వేళకు అన్నం తినడం, పొద్దున చేను గట్టు దాకా నడిచి రావడం, స్నానం చేసి ఉతికిన బట్ట కట్టుకోవడం, వీటిని తక్కువగా చూడకండి. మనల్ని మనం చూసుకోవడం స్వార్థం అనుకుంటారు మన ఆడవాళ్ళు. ఇంట్లో అందరికీ వడ్డించి మిగిలింది తినే అలవాటు అంత తేలిగ్గా పోదు. కానీ ఇంటిని నిలబెట్టాల్సిన మనిషి ముందు తాను నిలబడాలి కదా. అచ్చమాంబకు ప్లేగు రోగుల పక్కన నిలబడే శక్తి ఏళ్ళ తరబడి తనకోసం చదువుకున్న ఆ గంటల్లోంచే వచ్చిందని నేను నమ్ముతాను.

పుస్తకం అన్నిటికీ మందు కాదు. అది కూడా గట్టిగా చెప్పాలి. రోజుల తరబడి నిద్ర రాకపోయినా, అన్నం సయించకపోయినా, బతకడం ఎందుకు అన్న ఆలోచన ఒక్కసారైనా వచ్చినా, ఇంట్లో ఒకరికి చెప్పండి, డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్ ఉంది. 14416 నంబరుకు ఏ వేళకైనా ఫోను చెయ్యచ్చు, తెలుగులోనే మాట్లాడచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. పురుగుమందు డబ్బా అందుబాటులో ఉండే పల్లెలు మనవి. అప్పు గురించి మథనపడుతున్న రైతు ఇంట్లో ఉంటే, ఆ డబ్బాను ఇంట్లోంచి తీసి వేరే చోట తాళం వేసి పెట్టండి. ఈ నంబరు గోడ మీద రాసి పెట్టండి.

మళ్ళీ పుస్తకాల దగ్గరికి వస్తే, వానాకాలంలో కట్టలేరు పొంగితే వినగడప దగ్గర రాకపోకలు ఆగిపోవడం మనకు తెలుసు. కరెంటు ఉండదు, ఫోను పనిచెయ్యదు. అలాంటప్పుడు ఇంట్లో నాలుగు పుస్తకాలు ఉన్న పిల్లలు, లేని పిల్లలు ఎలా గడుపుతారో గమనించండి. తేడా కనపడుతుంది.

మన శాఖా గ్రంథాలయాలు సాధారణంగా ఉదయం 8 నుంచి 11 దాకా, సాయంత్రం 4 నుంచి 7 దాకా తెరిచి ఉంటాయి. శుక్రవారం సెలవు. కొద్దిపాటి డిపాజిట్టు కట్టి సభ్యులైతే పుస్తకం ఇంటికి తెచ్చుకోవచ్చు. కూర్చుని చదువుకోవడానికి ఏమీ కట్టక్కర్లేదు. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం మనం కట్టే ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా పోతున్నాయి. అంటే ఆ పుస్తకాల డబ్బు మనం ఇప్పటికే కట్టాం. ఎన్నోచోట్ల ఆ సొమ్ము పంచాయతీల నుంచి గ్రంథాలయ సంస్థకు వేళకు చేరదని, కొత్త పుస్తకాలు రావడం లేదని ఏళ్ళుగా వింటున్నాం. అడగాల్సింది మనమే. గ్రామసభ జరిగినప్పుడు రోడ్డు, మురుగు కాలవ గురించి అడిగినట్టే గ్రంథాలయ పన్ను గురించి కూడా అడగండి. తిరువూరు వెళ్ళిన పనిమీద ఒక పూట గ్రంథాలయంలోకి వెళ్ళి, అచ్చమాంబ రాసిన 'అబలా సచ్చరిత్ర రత్నమాల' ఉందా అని గ్రంథపాలకుణ్ణి అడగండి. లేకపోతే, కావాలని కాగితం మీద రాసి, కింద మీతో పాటు మరో నలుగురు సంతకం పెట్టి ఇవ్వండి.