గడ్డికప్పు చావడి



రాతికట్టడమన్న వెంటనే మెదకు పట్టణవాసులకు స్ఫురించునది తమ చర్చి. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన ఆ మందిరము నేటికిని నిలిచియున్నది. ఇంచుమించు ఆ కాలముననే ఇంగ్లండులోని ఒక పల్లెకు గడ్డితో కప్పిన చిన్న కట్టడము లభించినది. అదియు నేటికి నిలిచియున్నది. రాయి నిలుచుట వింత కాదు. గడ్డి ఎట్లు నిలిచినదో విచారింపదగును.

గ్లాస్టర్‌షైరు మండలమున స్టాన్వే అను గ్రామము కలదు. ‘పీటర్ పాన్’ నాటకకర్త జేమ్స్ బారీ 1920 తరువాతి యేండ్లలో వేసవులను అచటి స్టాన్వే భవనమున గడపెడివాడు. ఆయనకు క్రికెట్ అన్న మిక్కిలి మక్కువ. పూర్వము మిత్రులతో ఒక జట్టును నడపెను. షెర్లాక్ హోమ్సు కథల కర్త కానన్ డాయిల్ అందులో ఆడినవాడే. ఆ బారీ స్టాన్వేకు ఒక పెవిలియనును కానుకగా నిచ్చెను. పెవిలియనన్న మన మాటలో ఆటగాండ్ర చావడి. వంతు వచ్చువరకు కూర్చుండు చోటు.

దాని గోడలు కొయ్యవి, కప్పు గడ్డిది. పుట్టగొడుగు ఆకారపు రాళ్లపై దానిని నిలిపిరి. అట్టి రాళ్లను ఆ దేశమున ధాన్యపు కొట్ల క్రింద ఉంచెడివారు. చెమ్మ పైకెక్కదు, ఎలుక ఆ రాతిగొడుగును దాటజాలదు. కప్పు మిక్కిలి వాలుగా నుండుటచే వాననీరు గడ్డిలో ఇంకక జారిపోవును. అయినను గడ్డి శాశ్వతము కాదు. కొన్నియేండ్లకొకసారి నడికొప్పును, కొన్ని దశాబ్దములకు కప్పునంతటిని మార్చవలసినదే. బారీ 1937లో మరణించెను. దాత ఒక్కమారే ఇచ్చెను. తరువాతివారు మరల మరల కప్పవలసివచ్చినది.

మెతుకుసీమకు గడ్డియిల్లు క్రొత్త కాదు. అయితే ఇచట అది ముచ్చటకై కట్టుకొన్నది కాదు, లేమిచే కట్టుకొన్నది. చెదభయము, వేసవిలో అగ్నిభయము వెంటనుండెడివి. పెంకుటింటికి, మిద్దెకు మారినవారు మంచిపనియే చేసిరి. గడ్డికప్పును మరల తెమ్మనుట ఈ ప్రసంగాభిప్రాయము కాదు. వానలకు ముందు కప్పు చూచుకొను అలవాటు మాత్రము ఇంటితో పాటు పోరాదు.

గ్రంథాలయమునకు మిద్దె యున్నను పుస్తకము గడ్డివంటిదే. చెదకు, చెమ్మకు, ఎలుకకు లోబడునదే. దాతల పేర్లు శిలపై చెక్కినంతమాత్రమున అట్ట ఊడిన పుస్తకము కుట్టుకొనదు. ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయమునకు యేటేట తొలకరికి ముందు ఒక దినమును కేటాయింపవలెను. ఆనాడు గ్రామస్థులు కూడి బీరువాలను గోడకు ఎడముగా జరిపి, పుస్తకములను గాలికారబెట్టి, చినిగినవానిని కుట్టింపవలెను. రజతోత్సవమునకు వచ్చినవారిలో సగము మంది ఆ దినమునకు వచ్చినను చాలును.