పసిబిడ్డ పొట్టలో మొదటి జమ

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



ఏటా ఈ సభలో పొదుపులు, అప్పులు, వసూళ్ల లెక్కలు చెప్పుకుంటాం. ఈసారి ఇంకో పొదుపు గురించి చెప్తాను. అది పుట్టిన బిడ్డ పేగుల్లో మొదలయ్యేది.

సూక్ష్మజీవులంటే అన్నీ రోగం తెచ్చేవే అనుకుంటాం. కానీ పాలను పెరుగు చేసే తోడులో ఉండేవీ సూక్ష్మజీవులే కదా! బిడ్డ పుట్టగానే తల్లి నుంచి, చుట్టుపక్కల నుంచి అవి పేగుల్లో చేరతాయి. మంచివి ముందు చోటు పట్టుకుంటే చెడ్డవి పెరగడం కష్టం. తల్లిపాలల్లో బిడ్డకు అరగని కొన్ని చక్కెరలుంటాయి. అరగనివి ఎందుకు మరి? అవి ఆ మంచి సూక్ష్మజీవులకు తిండి.

ఒడిశా పల్లెల్లో 4,500 మందికి పైగా పసిబిడ్డలతో ఒక పరిశోధన జరిగింది. 2017లో ఫలితాలొచ్చాయి. కొందరికి వారం రోజులు ఒక రకం మంచి సూక్ష్మజీవుల్ని, వాటి తిండితో కలిపి ఇచ్చారు. ఇవ్వనివాళ్లలో నూటికి 9 మందికి ఒళ్లంతా పాకే ఇన్ఫెక్షనో, మరణమో ఎదురైతే, ఇచ్చినవాళ్లలో అది 5.4కు తగ్గింది. అలాగని మందుల షాపుకెళ్లి ఏదో పొడి కొనకండి. అన్ని రకాలూ ఒకటి కావు. డాక్టరు చెప్పకుండా ఏదీ వద్దు. పైసా ఖర్చు లేనిది మన దగ్గరే ఉంది, ముర్రుపాలు.

2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన తెలంగాణలో నూటికి 60 కాన్పులు ఆపరేషన్లే. ఆపరేషన్ అయితే మంచి సూక్ష్మజీవులు చేరడం ఆలస్యమవుతుంది, పాలు పట్టడమూ ఆలస్యమవుతుంది. తల్లీబిడ్డా బాగుంటే, పక్కనున్నవాళ్లు సాయం పడితే, ఆ తల్లి కూడా గంటలోపు పాలివ్వగలదు.

ఆ పక్కనుండేది ఎవరు? మనమే! ఈ హాల్లో సగం మందిమి అత్తలం, అమ్మమ్మలం. తేనె నాకించేది, చక్కెర నీళ్లు పోసేది, ముర్రుపాలు పిండి పారబోయించేది కోడలు కాదు, మనం. ఏడాదిలోపు బిడ్డకు తేనె ప్రాణం మీదికి తేవచ్చు. ఆరు నెలలదాకా తల్లిపాలే, నీళ్లు కూడా వద్దు.

బిడ్డ పాలు తాగకపోయినా, మందంగా పడి ఉన్నా, ఒళ్లు కాలినా, చల్లబడినా, పొట్ట ఉబ్బినా, పచ్చగా కక్కినా నాటుమందులతో పొద్దు పుచ్చొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ప్రతి గ్రామ సంఘం నెలవారీ మీటింగులో నిండు గర్భిణుల పేర్లు రాసుకుందాం. కాన్పు నాడు పక్కన ఎవరుంటారో అడిగి, వాళ్లకే ఈ మాటలు చెబుదాం. మొదటి జమ సరిగ్గా పడితే ఆ ఖాతా నిలబడుతుంది.

సెలవు.